మంచు కర్ర నిలిచిన చోటు

ఆ మంచు కొలతల పుస్తకం నిన్న సాయంత్రం నుంచీ భోజనాల బల్ల నట్టనడుమ పడి ఉంది. తీసేవాళ్ళు లేరు. పొద్దున్న నలుగురూ దాని చుట్టూనే కాఫీ గ్లాసులు పెట్టుకుని, అదక్కడ లేనట్టే తాగారు. ఆ నటన ఎంతసేపు సాగుతుంది చెప్పండి! మామగారి గ్లాసు సగంలోనే ఆగిపోయింది.

"నిన్న అన్న మాట ఇంకోసారి అను," అన్నారాయన. "నా మొహం చూసి అను."

కోడలు తలెత్తింది. "నిన్నటి తారీఖున అరవై రెండు సెంటీమీటర్ల మంచని రాసి ఉంది మామయ్యా. నిన్న మధ్యాహ్నం నేను గట్టు మీద నిలబడ్డాను. నా బూటు మడమ కూడా మునగలేదు. కొలత కర్ర లేదు. కర్రని నిలబెట్టే ఇనప గొట్టం ఉంది. దాన్నిండా ఎండాకులు."

"అంటే నేను దొంగరాతలు రాశాననేగా?"

"నేనలా అన్లేదు."

"అనక్కర్లేదమ్మా. ప్లానమ్మవి కదా, నీకు అన్నీ తెలుసు."

ఆ పేరు ఊరు పెట్టింది. నగర సంఘం ఆఫీసులో ప్రణాళికా విభాగమంటే ఆవిడ ఒక్కతే. ఒక బల్ల, రెండు బీరువాలు, మూత సరిగ్గా పడని ఒక రంగుపెన్సిళ్ళ డబ్బా. ప్లానమ్మా అని కూరగాయల దుకాణంలో పిలిచినా నవ్వుతూ పలికేది. మామగారి నోట మాత్రం ఇప్పటిదాకా వినలేదు. అమ్మా అనేవారు, లేకపోతే తల్లీ అనేవారు. ఆ ఒక్క మాటకే ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఆయన్ని మాత్రం తక్కువ మనిషని ఎవరంటారు? ఊరు ఊరంతా మంచు మాస్టారు అంటుంది. బళ్ళో పాఠాలు చెప్పిన మాస్టారు కాదు, రోప్‌వే ఆపరేటరుగా చేసి రిటైరైన మనిషి. కానీ ముప్ఫై రెండు చలికాలాలు, రోజూ పొద్దున్న ఏడింటికి, పైగట్టు మీద పాతిన చారల కర్ర దగ్గర మంచెంత ఉందో కొలిచి పుస్తకంలో ఎక్కించారు. ఏటా ఊరి సభలో ఆయన లేచి ఆ ఏటి సగటు కొలత చదివితే తప్ప మిగతా మాటలు మొదలుకావు. జనం చప్పట్లు కొడతారు. కోటు బొత్తాలన్నీ పెట్టుకుని మరీ చదువుతారాయన.

ఇవాళ నాలుగింటికే ఆ సభ.

"ఇవాళే దొరికిందా నీకు?" అన్నాడు భర్త, తలుపు దగ్గర నిలబడి బూట్ల తాళ్ళు కట్టుకుంటూ. అతను రోప్‌వే మెకానిక్కు. తొమ్మిదింటికి మొదటి తొట్టె కదలాలంటే ఎనిమిదింటికి అక్కడుండాలి. "ఏడాదిన్నర ఆ ప్లాను మీద కూర్చున్నావు. పదిసార్లు ఆ పుస్తకం తిరగేశావు. అప్పుడేం చేశావు?"

"పుస్తకాన్ని నమ్మాను."

"మరి ఇప్పుడు?"

"సర్వేయరు వచ్చాడు నిన్న. కొత్త స్టేషను స్తంభాలకి గుర్తులు పెట్టాలన్నాడు. గట్టెక్కాక, మేడం, మీ కొలత కర్రేది అని అడిగాడు. ఏం చెప్పను?"

"సర్వేయరుకి చెప్పకపోతే కొంపేం మునగదు. సభలో చెబితే మునుగుతుంది. రోప్‌వే గట్టు దాకా వెళ్తేనే దానికి బతుకుంది, అది నువ్వు రాసిన మాటే. వెళ్ళకపోతే మూత. మూతపడితే నేనేం చేయాలో కూడా నీ ప్లానులో రాశావా?"

ఆవిడ రాయలేదు మరి.

ఆ ప్లాను సంగతి ఊళ్ళో అందరికీ కంఠోపాఠం. కిందవాలుల్లో మంచు పడడం తగ్గిపోయింది. ఒకప్పుడు మూడు నెలలు కిటకిటలాడిన హోటళ్ళు ఇప్పుడు ఐదు వారాలకే దుప్పట్లు మడత పెట్టేస్తున్నాయి. వచ్చే పాతికేళ్ళు ఊరు దేనిమీద బతకాలి? పైగట్టు మీద మంచు చెక్కుచెదరలేదని పుస్తకం చెప్పింది కనక, రోప్‌వేని అక్కడిదాకా పొడిగించాలి, దారికి అడ్డొచ్చే పైన్ తోపు కొట్టేయాలి అని ప్లాను తేల్చింది. ఆ తోపు అడుగునే ఊరికి తాగునీళ్ళిచ్చే ఊట ఉంది. ఇవాళ ఓటు పడితే సోమవారం రంపాలు వస్తాయి.

తోపు కొట్టించడం ఆవిడకి ఇష్టమై రాసిందనుకుంటున్నారా? మొదట రాసిన ముసాయిదా పూర్తిగా వేరు. అంకెలు పక్కన పెట్టుకుని చూశాక, అంకెల ముందు నా ఇష్టం ఎవరిక్కావాలి అనుకుని దాన్ని బీరువా అడుక్కి తోసింది. నిజాయితీగానే తోసింది. అదే ఇప్పుడు గుండెల్లో కలుక్కుమంటోంది. ఒక్కసారంటే ఒక్కసారి తను గట్టెక్కి చూసిందా? ఇంటి పుస్తకం కదా, మామయ్య దస్తూరీ కదా అనుకుంది.

"నేను రాసిన ప్రతి అంకే విన్న అంకే," అన్నారు మామగారు. "మోకాళ్ళు పోయినప్పటి నుంచీ నేను పైకెళ్ళలేదు, ఆ మాట నిజం. ఏడేళ్ళయింది. మీ అత్తయ్య వెళ్ళి చూసొచ్చి చెబుతుంది, నేను రాస్తాను. ఇందులో దాపరికమేముంది? ఏమే, చెప్పు. నిన్నెంత? అరవై రెండు కాదూ?"

అత్తగారు వంటగట్టు దగ్గర వెనక్కి తిరిగి నిలబడి ఉంది. ఇందాకటి నుంచీ ఒకే గిన్నె తోముతోంది. ఆ గిన్నె ఎప్పుడో తళతళలాడిపోయింది.

"నిన్నే అడుగుతున్నాను."

ఆవిడ కుళాయి కట్టేసింది. కొంగుతో చేతులు తుడుచుకుంది. ఒక్కొక్క వేలే తుడుచుకుంది.

"కర్ర గట్టు మీద లేదండీ," అంది. "కట్టెల కొట్టు వెనకాల ఉంది."

* * *

కట్టెల కొట్టుకీ కొండ చరియకీ మధ్య మనిషి అడ్డంగా దూరేంత సందు. ఎండ తగలని చోటు. అత్తగారు తప్ప అటువైపు ఎవరూ వెళ్ళరు. ఇంటి కప్పు మీద పడిన కొద్దిపాటి మంచూ రేకుల మీంచి జారి ఆ సందులోకే పడుతుంది. పడింది పడినట్టే పేరుకుంటుంది. ఇంటి ముందర వాకిట్లో గడ్డి కనిపిస్తోంది. ఇక్కడ మాత్రం తొడల దాకా మంచు.

ఆ మంచులో నిటారుగా, ఎర్ర చారలు తెల్ల చారలు, మంచు కర్ర.

మామగారు కొడుకు భుజం పట్టుకుని ఒక్కొక్క అడుగే వేసుకుంటూ వచ్చారు. జేబులోంచి కళ్ళద్దాలు తీశారు. అలవాటు చొప్పున వేలి కణుపులతో కర్రని మూడుసార్లు కొట్టారు. పైన పట్టిన పొడిమంచు రాలితేనే చార సరిగ్గా కనిపిస్తుంది. టక్, టక్, టక్.

ఆ చప్పుడు కోడలికి తెలుసు. పెళ్ళై ఈ ఇంటికొచ్చిన ఐదేళ్ళుగా చలికాలం ప్రతి పొద్దున్నా ఏడింటికి వింటూనే ఉంది. అత్తయ్య కట్టెలు దులుపుతోందనుకునేది; ఏడింటికి గట్టు మీదుండాల్సిన మనిషి పెరట్లో ఎలా ఉందని ఒక్కసారీ తట్టలేదు. ఆ చప్పుడు వినగానే లేచి పాలు పొయ్యి మీద పెట్టేది.

"అరవై రెండు," అన్నారు మామగారు, చార చూసి. "అరవై రెండే." కళ్ళద్దాలు తీసి మళ్ళీ జేబులో పెట్టుకున్నారు.

"అమ్మా, ఏంటమ్మా ఇది?" అన్నాడు కొడుకు. "నేను దీన్ని పాత కర్రేమో అనుకున్నానే. ఎప్పుడో ఒకసారి చూశాను."

"పాతదే నాన్నా. కొత్తది ఎక్కణ్ణుంచొస్తుంది?"

"ఎందుకు చేశావే?" అన్నారు మామగారు. అరవలేదు. అరిచినా బావుండేది. "ఊరు నమ్మింది. సంఘం నమ్మింది. ఈ పిల్ల నమ్మి ప్లాను రాసింది. నా పేరు మీద నమ్మారు. ఎందుకు చేశావు?"

అత్తగారు గోడకి ఆనుకుంది. పొట్టి మనిషి, చలికోటు మోకాళ్ళ కింది దాకా వేలాడుతోంది. కొడుకు పాత కోటే అది.

"మొదటి నెలంతా ఎక్కానండీ," అంది. "ఏడింటికల్లా అక్కడుండాలంటే ఆరింటికి బయల్దేరాలి. రోప్‌వే తొమ్మిదింటికి గానీ కదలదు. నడిచే ఎక్కాను. ఒకరోజు మెట్ల మీద జారి పడ్డాను. మడమ గుమ్మడికాయలా వాచింది. ఇంటికొచ్చి స్నానాల గదిలో జారానని చెప్పాను. గుర్తుందా?"

ఆయనకి గుర్తున్నట్టు లేదు.

"మీరు కుర్చీలో కూర్చుని, పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, ఇవాళెంత అని అడిగారు. మడమ సంగతి కాదు. కొలత సంగతి. నలభై అని చెప్పాను. అయ్యో, నలభయ్యేనా అని మీ మొహం ఇంత చేసుకున్నారు. ఆ పూట ముద్ద మింగలేదు."

"అది..."

"చెప్పనీండి. ఏడేళ్ళ తర్వాత నోరు తెరిచాను. ఆ మర్నాడు అక్కడి కర్ర పీక్కుని కిందికి తెచ్చుకున్నాను. మంచు ఎక్కడైనా మంచే కదా అనుకున్నాను. ముందు నిజంగా అంతే అనుకున్నాను. తర్వాత్తర్వాత తెలిసింది, ఇక్కడ కప్పు మీది మంచు కూడా కలుస్తోందని. అప్పటికి మీరు రోజూ డెబ్భై, ఎనభై అని రాసుకుంటూ మురిసిపోతున్నారు. మంచంలోంచి లేవని మనిషి లేచి కూర్చుంటున్నారు. సభకి వెళ్ళి చదివొస్తున్నారు. నేనెలా చెప్పను?"

"చెప్పాల్సింది."

"అడగాల్సింది," అంది ఆవిడ. "ఏవండీ, ఆ గట్టు మీకు తెలియనిది కాదు. నాకా ఊపిరి అందదు. పక్క వీధి ఎత్తుకే రెండుసార్లు ఆగుతాను. ఎలా వెళ్ళొచ్చావే అని ఏడేళ్ళలో ఒక్కరోజు, ఒక్క మాట అడిగారా?"

రేకు అంచు నుంచి నీటిబొట్లు పడుతున్నాయి, నడిచలికాలంలో.

కోడలికి అత్తగారి మీద కోపం రావాలి. ఏడాదిన్నర పని బూడిదైపోయింది, రేపు ఊళ్ళో తలకాయ ఎక్కడ పెట్టుకోవాలో తెలీదు. అయినా కోపం రాలేదు. ఏడుపొచ్చింది. తను మాత్రం అడిగిందా? పొద్దున్నే వేడి పాలు గ్లాసులో పోసి అందిస్తూ, ఎంత అత్తయ్యా ఇవాళ అనేది. తనకీ అంకే కావాల్సొచ్చింది.

మామగారు కొడుకు వైపు తిరిగారు. "మొదటి తొట్టెలో నన్ను మధ్య స్టేషన్ దాకా ఎక్కించు."

"నాన్నా, మీ కాళ్ళతో..."

"ఎక్కించరా!"

* * *

మధ్య స్టేషన్ నుంచి గట్టుకి నూట పది మెట్లు. చరియ విరిగిపడ్డ ఏడాది నుంచీ చలికాలంలో ఆ దారికి గొలుసు అడ్డం కట్టేశారు. పైన ఎప్పుడూ మబ్బే. పైకెళ్ళి చూడాల్సిన అవసరం ఎవరికీ పడలేదు, చూడాలనీ ఎవరికీ అనిపించలేదు. ఉందని చెబుతుంటే లేదేమోనని వెళ్ళి చూసొచ్చే వెర్రివాళ్ళు ఏ ఊళ్ళోనూ ఉండరు లెండి.

మామగారు ఒక చేత్తో కమ్మీ, ఒక చేత్తో కోడలి భుజం పట్టుకున్నారు. పది మెట్లకోసారి ఆగుతున్నారు. మోకాళ్ళు పట్టేసినప్పుడల్లా పళ్ళు బిగిస్తున్నారు గానీ అమ్మా అని అనడం లేదు. నలభయ్యో మెట్టు మీద ఆగి కిందకీ పైకీ చూశారు.

"మెట్లు కనిపిస్తున్నాయేంటమ్మా?" అన్నారు.

ఆవిడకి అర్థం కాలేదు.

"ఈ నెలలో మెట్లు కనిపించకూడదు. నా రోజుల్లో ఈ కమ్మీ పైకొస మాత్రమే కనిపించేది. దాన్ని పట్టుకుని పాక్కుంటూ వెళ్ళేవాణ్ణి. పొడి మెట్లు! చూడు, పొడిగా ఉన్నాయి."

వంగి అరచేత్తో మెట్టు తడిమారు. చేతికి మట్టి అంటింది. దాన్ని చాలాసేపు చూసుకున్నారు. తర్వాత ఆ మెట్టు మీదే కూలబడ్డారు.

"ఇక పైకి అక్కర్లేదు."

ఆయన ఏడుస్తారని ఆవిడ అనుకోలేదు. చిన్నపిల్లాడిలా ఏడ్చారు. కట్టుకున్నదాని మీదో కోడలి మీదో కోపంతో కాదు. పోయిన మంచు కోసం ఏడ్చారు. ఆవిడ పక్కన కూర్చుని వీపు రాసింది.

"ఆ చప్పుడు నాకు వినపడేదమ్మా," అన్నారు కాసేపటికి.

"ఏ చప్పుడు మామయ్యా?"

"ఆ టక్ టక్ టక్. ముప్ఫై రెండేళ్ళు ఈ చేత్తో కొట్టినవాణ్ణి, నాకు తెలీదూ? పెరట్లోంచి వినపడుతుంటే కట్టెల చప్పుడులే అనుకునేవాణ్ణి. అనుకోవాలని అనుకునేవాణ్ణి. అడిగితే చెబుతుంది. చెబితే పుస్తకం మూసేయాలి. మూసేస్తే ఇక నేనెవర్ని? మోకాళ్ళ నొప్పుల ముసలాణ్ణి."

ఆవిడ చెయ్యి ఆయన వీపు మీద అలాగే ఆగిపోయింది.

"మీ అత్తయ్యది అబద్ధమైతే, నాది రెండబద్ధాలు. ఊరికొకటి, నాకు నేనొకటి."

కింద ఊరు కనిపిస్తోంది. హోటళ్ళ ఎర్ర కప్పులు, మూసిన అంగళ్ళు, బస్సుల్లేని బస్టాండు. మెట్లకి కుడివైపున పైన్ తోపు నల్లగా, గుబురుగా ఉంది. దాని అడుగున ఎక్కడో నీళ్ళ చప్పుడు.

"మొదట్లో ఇంకో దారేదో రాశానన్నావే," అన్నారాయన. "అందులో ఏముంది?"

"ఇప్పుడెందుకులే మామయ్యా."

"చెప్పు. వినడానికి చెవులైనా బానే ఉన్నాయి నాకు."

ఆవిడ నెమ్మదిగా చెప్పింది. తోపు ఉంచేయాలి. ఊట నీళ్ళు ఎంతమందికి సరిపోతాయో అన్ని గదులే ఉండాలి, అంతకు మించి హోటళ్ళు కట్టనివ్వకూడదు. వచ్చేవాళ్ళంతా ఐదు వారాల్లో ఎగబడకుండా ఏడాది పొడుగునా కొద్దికొద్దిగా రావాలి, నడవడానికో, ఊపిరి పీల్చుకోవడానికో. మూతబడ్డ పెద్ద విడిదిలో వడ్రంగం నేర్పే బడి పెట్టాలి. పడిపోయిన చెట్లు చాలు దానికి. తొందరగా బాగుపడే దారి కాదు. మొదటి నాలుగైదేళ్ళు కష్టమే.

"అందులో మంచు లేదా?"

"పడితే సంతోషిస్తాం. పడకపోయినా బతుకుతాం."

"రోప్‌వే?"

"ఈ మధ్య స్టేషన్ దాకానే. వేసవిలో, నెమ్మదిగా నడిపేది. సగం మందితో." ఆవిడ గొంతు సవరించుకుంది. "ఆ సగంలో మీ అబ్బాయి ఉంటారో లేదో నాకు తెలీదు. అబద్ధం చెప్పలేను."

ఆయన తలూపారు. ఆ కాగితాలు ఇంకా ఉన్నాయా అన్నారు. ఆఫీసు బీరువా అడుగున ఉన్నాయంది ఆవిడ.

"తెచ్చుకో. సభలో నా తర్వాత నువ్వేగా మాట్లాడాలి? ముందు నేను చెబుతాను. నా కళ్ళు మసకలేశాయని, చారలు తప్పు చదివానని చెబుతాను. ఊరు నన్ను నాలుగు తిట్లు తిట్టి వదిలేస్తుంది. మీ అత్తయ్య పేరు రాకూడదు. దాన్ని అంగట్లో, కుళాయి దగ్గర మాటలంటే నేను తట్టుకోలేను."

"అదీ అబద్ధమే కదా మామయ్యా."

"ఇదొక్కటీ ఆఖరు," అన్నారాయన. "నాకీ ఒక్కటీ వదిలెయ్ తల్లీ."

తల్లీ అన్నారు. ఆవిడ ఇక కాదనలేకపోయింది.

* * *

సంఘం హాల్లో కుర్చీలు చాలక జనం గోడల పొడుగునా నిలబడ్డారు. అధ్యక్షురాలు మందుల షాపావిడ. ఎవరికి ఏ జబ్బుందో ఆవిడకి తెలుసు కనక ఊళ్ళో ఆవిణ్ణి కాదనేవాళ్ళు తక్కువ. అందరికీ ఓటు చీటీలు పంచేశారు. ముందు వరసలో పెద్ద హోటలాయన చీటీ మడిచి సిద్ధంగా పెట్టుకున్నాడు. రోప్‌వే వాళ్ళంతా ఒక పక్కన కూర్చున్నారు. వాళ్ళ మధ్య భర్త తల దించుకుని కూర్చున్నాడు. భార్య వైపు చూడలేదు.

కోడలి ఒళ్ళో రెండు ఫైళ్ళున్నాయి. ఒకటి అచ్చేయించి, అట్ట వేయించింది. రెండోది పాత దారంతో కట్టింది.

అత్తగారు ఇంటి దగ్గరే ఉండిపోయింది. ఎప్పుడూ అంతే. పెళ్ళైనప్పటి నుంచీ ఒక్క సభకీ రాలేదు. ఎవరూ రమ్మని పిలిచినట్టూ లేదు.

"మన మంచు మాస్టారు," అంది అధ్యక్షురాలు మైకులో. చప్పట్లు మోగాయి. ఆయన కోటు బొత్తాలన్నీ పెట్టుకున్నారు. లేచి, కుర్చీలు పట్టుకుంటూ వేదిక ఎక్కారు. పుస్తకం తెరవలేదు. మూసిన అట్ట మీద చెయ్యి పెట్టి నిలబడ్డారు.

"ఈ ఏడు గట్టు మీద..." అని ఆగారు.

"చెప్పండి మాస్టారూ!" అన్నారెవరో వెనక నుంచి, హుషారుగా.

"ఈ ఏడూ, కిందటేడూ, ఏడేళ్ళుగా నేను చదివిన అంకెలు తప్పు. గట్టు మీద మంచు లేదు. ఇవాళ పొద్దున్న వెళ్ళి చూశాను, మెట్లు పొడిగా ఉన్నాయి. తప్పు నాదే. నా కళ్ళు..."

హాల్లో గుసగుసలు. గుసగుసలు కాస్తా కేకలయ్యాయి. పెద్ద హోటలాయన మడిచిన చీటీ విప్పి, మళ్ళీ మడిచాడు. రోప్‌వే వాళ్ళలో ఒకడు లేచి నిలబడ్డాడు. కోడలు మాత్రం ఆ గొడవ మధ్యలో గుండెల నిండా ఊపిరి పీల్చుకుంది. నిజం బయటపడింది, తోపు మిగలొచ్చు, అత్తయ్య పేరు రాలేదు. హమ్మయ్య అనుకుంది. అనుకున్న మరుక్షణం సిగ్గేసింది. కళ్ళు మసకలేసిన ముసలాయనని ముందు నిలబెట్టి, వెనకాల తను ఊపిరి పీల్చుకుంటోంది.

"నా కళ్ళు," అన్నారాయన మళ్ళీ, గొంతు పెంచి, "నా కళ్ళు మసకలేసి..."

టక్, టక్, టక్.

హాలు తలుపు దగ్గర. చెక్క నేల మీద.

మామగారి మాట ఆగిపోయింది. తల తిప్పకుండానే ఆయనకి తెలిసిపోయింది. కోడలు వెనక్కి తిరిగింది.

అత్తగారు గుమ్మంలో నిలబడి ఉంది. కొడుకు పాత కోటు, తడిసిన చెప్పులు. తనకంటే రెండడుగులు పొడవున్న చారల కర్రని రెండు చేతులా పట్టుకుంది. దాని ఇనప మొనకి ఇంకా మంచు అంటుకుని, కరిగి, నేల మీద బొట్లు బొట్లుగా పడుతోంది. జనం దారిచ్చారు. చెప్పకుండానే ఇచ్చారు.

"ఆయన కళ్ళకేం, దివ్యంగా ఉన్నాయి," అంది. మైకు లేకపోయినా అందరికీ వినపడింది. "ఆ అంకెలు నేను చెప్పినవి. ఈ కర్ర ఏడేళ్ళుగా మా కట్టెల కొట్టు వెనకాల ఉంది. గట్టు మీద మంచెంతో ఈ ఊళ్ళో ఒక్కరికీ తెలీదు."

"ఏంటమ్మా ఇది? ఊరితో పరాచికాలా?" అని ఒంటికాలి మీద లేచాడు పెద్ద హోటలాయన.

"కాదు బాబూ. మీరంతా ఎంత ఎంత అని అడుగుతుంటే చెప్పాను."

ఓటు చీటీలు చేతుల్లోనే ఉన్నాయి. అధ్యక్షురాలు గంట మీద చెయ్యి వేసింది గానీ కొట్టలేదు. భర్త ఎప్పుడు లేచాడో, తల్లి దగ్గరికి వెళ్ళి కర్ర అందుకోబోయాడు. ఆవిడ ఇవ్వలేదు. కోడలు లేచి నిలబడింది, దారం కట్టిన ఫైలు గుండెలకి హత్తుకుని. తన వంతు ఇప్పుడే. నోరు తెరవాలి.

వేదిక మీద మామగారు భార్యనే చూస్తున్నారు. ఆవిడ చెప్పులు చూశారు, ఎగసిపడుతున్న గుండెలు చూశారు. ఇల్లు ఊరికి ఆ చివర. హాలు ఈ చివర. మధ్యలో ఎత్తైన వీధి. ఎదురుగా మైకుందన్న సంగతి ఆయన మర్చిపోయినట్టున్నారు.

"ఇంత దూరం," అన్నారు, "ఆ బరువేసుకుని ఎలా వచ్చావే?"

ఆ మాట హాలంతా మోగింది.

అత్తగారు కర్రకి ఆనుకుంది.

"దార్లో రెండుసార్లు కూర్చున్నానండీ," అంది.